రహదారి పనుల వేళ నడకదారుల నిర్వహణ – తిరుమల అనుభవం

కొండదారులలో నిర్మాణ, మరమ్మతు పనులు చేపట్టినప్పుడు వాహనాలను మళ్లించడంతో బాధ్యత తీరదు. కాలినడకన వెళ్లేవారికి ప్రత్యామ్నాయ మార్గం చూపడం కూడా ఆ పనిలో అంతర్భాగమే. తిరుమల నడకదారులలో 2021, 2022 సంవత్సరాలలో ఎదురైన పరిస్థితులు ఇందుకు నిదర్శనం.

రెండు నడకదారులు, రెండు ఘాట్ రోడ్లు

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను అందుబాటులోకి వచ్చాయి. ప్రస్తుతం మొదటిది కొండ దిగే వాహనాలకు, రెండవది ఎక్కే వాహనాలకు వినియోగమవుతున్నవి. ఘాట్ రోడ్లు ఏర్పడిన తరువాత కూడా మొక్కుబడి చెల్లించుకొనే భక్తులు కాలినడకనే కొండ ఎక్కుతున్నారు. అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు ఉన్నాయి. అలిపిరి నడకదారి కొంత దూరం ఘాట్ రోడ్డు వెంబడే సాగుతుంది. అందువల్ల అక్కడ రోడ్డుపై చేపట్టే ఏ పని అయినా పాదచారులపై ప్రభావం చూపుతుంది.

మూసివేత – ప్రత్యామ్నాయం

పైకప్పు పునర్నిర్మాణం నిమిత్తం అలిపిరి మార్గాన్ని 2021 జూన్ 1 నుంచి మూసివేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులను శ్రీవారి మెట్టు మార్గానికి మళ్లించి, అలిపిరి నుంచి అక్కడికి ఉచిత బస్సులు ఏర్పాటు చేసింది. ఆ ఏడాది అక్టోబరులో అలిపిరి మార్గం తిరిగి ప్రారంభమయింది.

మరుసటి నెలలోనే భారీ వర్షాలకు శ్రీవారి మెట్టు మార్గం తీవ్రంగా దెబ్బతిన్నది. మరమ్మతుల అనంతరం 2022 మే నెలలో గాని అది తెరుచుకోలేదు. 2021 డిసెంబరులో కొండచరియలు విరిగిపడి రెండవ ఘాట్ రోడ్డు సైతం దెబ్బతిన్నది. అలిపిరి పనులు అప్పటికి పూర్తి కాకుంటే రెండు నడకదారులూ ఏకకాలంలో మూతపడి ఉండేవి.

గమనించవలసిన అంశాలు

* ఒక దారిని మూసే ముందే రెండవ దారి వినియోగానికి సిద్ధంగా ఉండాలి. రెండింటిపై ఒకేసారి పనులు చేపట్టరాదు.
* రాయలసీమలోని ఈ ప్రాంతానికి ఈశాన్య ఋతుపవనాల కాలంలో భారీ వర్షాలు కురుస్తాయి. అక్టోబరు లోగా పనులు ముగిసేలా ప్రణాళిక ఉండాలి.
* మూసివేత సూచికలను పని జరిగే చోట మాత్రమే కాక, నడక మొదలయ్యే చోటనే ఉంచాలి. వేయి మెట్లు ఎక్కిన వృద్ధులను వెనుకకు పంపడం కష్టసాధ్యం.
* పాదచారులు రోడ్డు అంచున నడవవలసి వచ్చిన చోట వాహనాల నుంచి వేరుచేసే అడ్డుకట్టలు, రాత్రివేళ దీపాలు తప్పనిసరి.

పనులు జరిగే రహదారులపై ట్రాఫిక్ నిర్వహణకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేక మార్గదర్శకాలను రూపొందించి, 2014లో సవరించింది. అంచనాలు తయారుచేసే దశలోనే పాదచారుల ప్రత్యామ్నాయ మార్గానికి అయ్యే వ్యయాన్ని కూడా చేర్చినట్లయితే, పనులు మొదలయ్యాక ఆ ఏర్పాటు మరుగునపడకుండా ఉంటుంది.