ఇస్సాకు బావులు, సాగర్ కాలువ చివరి భూములు

ఆదికాండము 26వ అధ్యాయములో గెరారు కాపరులు బావుల కొరకు జగడమాడగా ఇస్సాకు ఏశెకును, శిత్నాను విడిచి రహెబోతు వరకు సాగిపోయాడు. వత్సవాయి వంటి మెట్ట ప్రాంతములో ఈ భాగమును బోధించునప్పుడు మనకొక చిక్కు ఎదురవుతుంది. గుడారమును ఎత్తుకొని పోవచ్చును గాని పొలమును ఎత్తుకొని పోలేము గదా!

కృష్ణా జలముల తగవు తీర్చుటకు 1969లో బచావత్ ట్రిబ్యునల్ ఏర్పడింది. నూటికి 75 సంవత్సరములు నమ్మదగిన నీటిని 2,060 టీఎంసీలుగా లెక్కించి, 1973లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. అప్పటికే సాగులోనున్న భూముల నీటికి అది ప్రాధాన్యమిచ్చింది. ఇది న్యాయమైన ఆలోచనయే అని మా అభిప్రాయము. అయితే ఆ పంపకము రాష్ట్రముల మధ్యనే. ఒకే కాలువపైనున్న ఇరుగుపొరుగు మధ్య కాదు.

1967లో నీరు విడుదలైన నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతమునకు చేరవలెను. ఎగువన తూములు ఎక్కువ తెరిస్తే చివరి ఆయకట్టు ఎండిపోవును. చాలాకాలము ఇది ఒకే రాష్ట్రపు రైతుల మధ్య, ఇంజనీర్ల యెదుట తేలవలసిన తగవు. 2014 జూన్ 2 తరువాత కాలువ తల తెలంగాణలో, తోక ఆంధ్రప్రదేశ్‌లో మిగిలాయి. పాత తగవే రెండు ప్రభుత్వముల తగవైంది. 2015లో 811 టీఎంసీలను ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా తాత్కాలికముగా పంచుకొన్నారు. ఆ 'తాత్కాలికము' ఆ ఏటితో ముగియలేదు.

కాపరియైన పాస్టరు సరిహద్దుకు ఏ ప్రక్కనున్నను, ఎండిన మడి గలవాడు అతని సంఘములో ఉండవచ్చును, తూము తెరచినవాడును ఉండవచ్చును.