ట్రాక్టరు ట్రైలరు టైరు

ట్రాక్టరు వెనుక తగిలించి సరుకు మోయడానికి వాడే ట్రైలరుకు అమర్చే గాలి టైరును ట్రైలరు టైరు అంటారు. తెలుగు పల్లెల్లో ఈ ట్రైలరును ప్రాంతాన్ని బట్టి ట్రక్కు అనీ, ట్రాలీ అనీ, తొట్టి అనీ వ్యవహరిస్తారు. ట్రాక్టరు వెనుక చక్రం నేలను పట్టి బండిని ముందుకు నెడుతుంది, ముందు చక్రం దారి మళ్ళిస్తుంది. ట్రైలరు చక్రానికి ఈ రెండు పనులూ లేవు. బరువు మోయడం, దొర్లడం మాత్రమే దాని పని. అందువల్ల దాని అరుగుదల, ఆయుష్షు, ఎంపిక ట్రాక్టరు టైర్లకంటే భిన్నంగా ఉంటాయి. బటన్లు (నేలను తాకే భాగంలోని దిమ్మెలు) ఇంకా మిగిలి ఉన్నాయన్న ఒక్క కారణంతో ఈ టైరును మార్చకుండా నడపడం చాలాచోట్ల కనిపిస్తుంది. నిజానికి ట్రైలరు టైర్లలో చాలా భాగం బటన్లు అరగక ముందే వయసు వల్లనో, వేడి వల్లనో, అధిక బరువు వల్లనో చెడిపోతాయి.

చరిత్ర

రబ్బరుకు గంధకం కలిపి వేడిచేసి గట్టిపరచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో అమెరికాలో కనుగొన్నాడు. జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు పొందాడు. భారతదేశంలో డన్‌లప్ సంస్థ పశ్చిమ బెంగాలులోని సాహాగంజ్ వద్ద 1936లో టైర్ల కర్మాగారం నెలకొల్పింది.

మన పొలాలకు గాలి టైరు ట్రాక్టరుతో పాటే రాలేదు. ఎడ్లబండికి కొయ్య చక్రం, ఇనుప పట్టా తీసివేసి రబ్బరు టైర్లు బిగించిన టైరు బండి కూడా అంతే ముఖ్యమైన మెట్టు. ఎద్దులు అంతే, బాట అంతే అయినా టైరు బండి మీద ఎక్కువ బస్తాలు వెళ్ళేవి. పశువులు లాగే బండ్ల కోసం 6.00-19, 7.00-19, 8.00-19 కొలతల్లో టైర్లు ప్రత్యేకంగా తయారయ్యాయి. వీటిపై ఎ.డి.వి. అనే గుర్తు ఉంటుంది. ఎద్దు నడక వేగానికి చేసిన ఈ టైరును ట్రాక్టరు ట్రైలరుకు బిగించడం ప్రమాదకరం.

నేడు తెలుగు రాష్ట్రాల్లోనే టైర్ల కర్మాగారాలున్నాయి. తెలంగాణలో సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్., ఆంధ్ర ప్రదేశ్‌లో చినపాండూరు వద్ద అపోలో సంస్థలకు కర్మాగారాలున్నాయి. విశాఖపట్నం సమీపాన అచ్యుతాపురం వద్ద యోకోహామా సంస్థ కర్మాగారం 2022లో ప్రారంభమైంది. వ్యవసాయ యంత్రాలు, గనుల యంత్రాలవంటి వాటికి పనికివచ్చే టైర్లు అక్కడ తయారవుతాయి.

టైరుపై ఉండే వివరాలు

టైరు పక్కభాగంపై అచ్చయి ఉండే అక్షరాలను, అంకెలను చదవగలిగితే సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది. ఉదాహరణకు 9.00-16 అని ఉంటే టైరు వెడల్పు సుమారు 9 అంగుళాలు, అది ఎక్కే రిమ్ము వ్యాసం 16 అంగుళాలు. మధ్యలో చిన్న గీత ఉంటే అది దారాల పొరలు ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డంగా పరచిన పాతరకం టైరు. గీత స్థానంలో ఆర్ అనే ఆంగ్లాక్షరం ఉంటే రేడియల్ టైరు.

పి.ఆర్. అనే గుర్తు ముందున్న అంకె బలాన్ని తెలుపుతుంది. పూర్వం నూలు దారాల పొరల సంఖ్యనే ఇలా సూచించేవారు. నైలాను వచ్చిన తరువాత తక్కువ పొరలతోనే అంత బలం సాధ్యమైంది. కాబట్టి 16 పి.ఆర్. టైరును కోసి చూస్తే లోపల 16 పొరలు కనిపించవు.

కొన్ని టైర్లపై భారసూచిక అనే అంకె, దాని పక్కన వేగాన్ని తెలిపే అక్షరం ఉంటాయి. భారసూచిక 122 అయితే ఒక్కో టైరు 1500 కిలోలు, 140 అయితే 2500 కిలోలు, 146 అయితే 3000 కిలోలు మోయగలదు. వేగం గుర్తు ఎ6 అయితే గంటకు 30 కి.మీ., ఎ8 అయితే 40 కి.మీ., బి అయితే 50 కి.మీ. ఈ రెండింటినీ కలిపి చదవాలి. చెప్పిన బరువు చెప్పిన వేగం వరకే, చెప్పినంత గాలి ఉన్నప్పుడే వర్తిస్తుంది.

తయారైన తేదీని నాలుగు అంకెల్లో ముద్రిస్తారు. మొదటి రెండు అంకెలు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. మూడే అంకెలున్న టైరు 2000వ సంవత్సరానికి ముందుది. అటువంటిది ఏ పశువుల కొట్టంలోనో దొరికితే, చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా రోడ్డెక్కించరాదు.

బరువు, గాలి, వేడి

టైరును చంపేది ప్రధానంగా వేడి. చక్రం తిరిగే ప్రతిసారీ నేలను తాకే చోట టైరు అణగి, పైకి లేవగానే మళ్ళీ నిక్కుతుంది. ఈ మడత వల్ల రబ్బరులోను దారాల్లోను వేడి పుడుతుంది. గాలి తక్కువైతే మడత ఎక్కువవుతుంది, బరువు ఎక్కువైనా అంతే. వేగం పెరిగితే నిమిషానికి మడతల సంఖ్య పెరుగుతుంది. ఈ మూడూ కలిసినప్పుడు రబ్బరుకు, దారాలకు మధ్య పట్టు వదులుతుంది. మొదట లోపల పొర లేచి బయట ఉబ్బు కనిపిస్తుంది, చివరికి టైరు పేలుతుంది. ట్రాక్టరు నడిపేవానికి తన చక్రంలో గాలి తగ్గితే స్టీరింగులో తెలుస్తుంది. వెనుక ట్రైలరు చక్రం సంగతి, ఇంజను చప్పుడులో, చాలాసేపటి వరకు తెలియదు.

బరువు లెక్క కట్టడం కష్టం కాదు. 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేస్తే 4500 కిలోలు. ట్రైలరు సొంత బరువు 1500 కిలోలు అనుకుంటే మొత్తం 6000 కిలోలు. రెండు చక్రాల ట్రైలరులో ఐదో వంతు బరువు ట్రాక్టరు కొక్కెం మీద పడుతుందనుకుంటే మిగిలిన 4800 కిలోలు రెండు టైర్ల మీద, అంటే ఒక్కొక్కదాని మీద 2400 కిలోలు ఉంటుంది. భారసూచిక 140 ఉన్న టైరు దీనికి సరిపోతుంది. అదే ట్రైలరులో మరో 20 బస్తాలు ఎక్కిస్తే ఒక్కో టైరు మీద 3000 కిలోలు పడుతుంది. మొదట సరిపోయిన టైరు ఇప్పుడు 500 కిలోలు అదనంగా మోస్తోంది. నాలుగు చక్రాల ట్రైలరులో మొదటి బరువుకు ఒక్కో టైరు మీద సుమారు 1500 కిలోలు పడుతుంది. అయితే గతుకుల బాటలో బరువు నాలుగింటి మీదా సమంగా ఎప్పుడూ పడదు కనుక కొంత మిగులు ఉంచుకోవాలి.

గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు, ఉదయం బయలుదేరే ముందు కొలవాలి. నడిచి వేడెక్కిన టైరులో గాలి ఒత్తిడి సహజంగా పెరుగుతుంది. దాన్ని చూసి గాలి తీసివేయడం సామాన్యంగా జరిగే పొరపాటు. చల్లబడ్డాక అది గాలి తక్కువ టైరుగా మిగులుతుంది. పది, పదిహేను కిలోమీటర్లు నడిచాక ఆగి అన్ని టైర్లనూ, హబ్బులనూ చేత్తో తాకి చూడటం మంచి అలవాటు. ఒక్కటి మాత్రం మిగిలినవాటికంటే బాగా వేడిగా ఉంటే అందులో గాలి తగ్గి ఉండాలి, లేదా బేరింగు బిగుసుకుపోయి ఉండాలి.

ఎప్పుడు మార్చాలి

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం రెండు, మూడు చక్రాల బండ్లు కాక ఇతర మోటారు వాహనాల టైర్ల గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988 ట్రైలరును కూడా మోటారు వాహనంగానే నిర్వచించింది. ట్రైలరు వెనుక వచ్చే వస్తువే కదా అనే వాదన చట్టం ముందు నిలవదు.

అయితే ముందే చెప్పినట్టు గాడి లోతు ఒక్కటే చాలదు. ట్రైలరు ఏడాదిలో కోతలప్పుడు, ఎరువు తోలేటప్పుడు, చెరకు నరికేటప్పుడు కొన్ని నెలలు మాత్రం విపరీతంగా పనిచేసి మిగిలిన కాలమంతా చెట్టు కిందనో ఎండలోనో నిలబడి ఉంటుంది. నిలబడి ఉంటే టైరుకు విశ్రాంతి అనుకుంటారు. రబ్బరులో కలిపే మైనంవంటి రక్షక పదార్థాలు టైరు తిరుగుతూ మడతపడుతున్నప్పుడే పైకి ఊరి, ఎండనుంచి, గాలిలోని ఓజోను వాయువునుంచి దానిని కాపాడతాయి. కదలని టైరులో ఈ ఊట తగ్గి పక్కభాగాలు త్వరగా బీటలు వారతాయి. వెంట్రుకవాసి గీతలు వయసు సూచనలు మాత్రమే. గోరు దిగేంత లోతు పగుళ్ళున్నా, పగులులోంచి దారాలు కనిపిస్తున్నా ఆ టైరు పని అయిపోయినట్టే.

పక్కభాగంలో ఉబ్బు కనిపిస్తే ఒక్క బాడుగ కూడా తోలకూడదు. ఉబ్బు ఉన్నచోట లోపలి దారాలు తెగి ఉంటాయి. అంచున ఉండే బీడు తీగ బయటపడినా, కోత దారాల వరకు దిగినా అంతే. గాలి లేకుండా కొంతదూరం ఈడ్చుకువచ్చిన టైరు బయటికి బాగానే కనిపించినా లోపలి పొరలు నలిగి ఉంటాయి. దాన్ని రిమ్మునుంచి విప్పి లోపల పరీక్షించకుండా గాలి కొడితే కొట్టేవాని ముఖం మీదే పేలే ప్రమాదముంది.

వయసు విషయంలో పలువురు తయారీదారులు ఇచ్చే సలహా ఇది: ఐదేళ్ళు దాటిన టైరును ఏటా తెలిసినవారిచేత పరీక్ష చేయించాలి, పదేళ్ళు నిండితే ఎలా ఉన్నా తీసివేయాలి. మన ఎండలకు, అధిక బరువులకు పదేళ్ళు చాలా ఉదారమైన గడువు. ఆరేడేళ్ళకే మార్చవలసిన టైర్లు అనేకం ఉంటాయి.

అరుగుదల తీరు కూడా ఏదో చెబుతుంది. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగితే ఇరుసు వంగిందనో బేరింగు వదులైందనో అర్థం. ఆ లోపం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది.

టైరు మార్చడానికి ఖర్చు ఒక్కటే అడ్డంకి కాదు. సీజను మధ్యలో బండి ఆపలేరు. కనుక పరీక్ష కోతలకు ముందే, ఖాళీ నెలల్లో జరగాలి. నాట్లకు, మిరప కోతలకు కూలీలను ట్రైలరులో ఎక్కించి తీసుకువెళ్ళడం మన గ్రామాల్లో ఇప్పటికీ ఉంది. సరుకు కోసం ఉద్దేశించిన ట్రైలరులో మనుషులను ఎక్కించడమే తప్పు. కాలువ గట్టు మీద ఒక పక్క టైరు పేలితే రెండు చక్రాల ట్రైలరు ఒక్కసారిగా ఆ పక్కకు ఒరుగుతుంది. బస్తాలైతే నీళ్ళలో పడతాయి, మనుషులైతే ప్రాణాలే పోతాయి.

ఏది కొనాలి

ముందుగా ట్రైలరు రిజిస్ట్రేషను పత్రంలోని బరువును, నిజంగా వేసే బరువును చూసుకుని, రెండింటిలో ఎక్కువైనదానికి తగిన భారం మోయగల టైరును ఎంచుకోవాలి. నిజంగా వేసేదే ఎక్కువైతే టైరుతో పాటు రిమ్ము, ఇరుసు, కొక్కెం కూడా తట్టుకోవాలి కాబట్టి బరువు తగ్గించుకోవడమే సరైన మార్గం.

బటన్ల తీరు సంగతి: ట్రాక్టరు వెనుక టైరుకుండే ఎత్తైన ఏటవాలు దిమ్మెలు ట్రైలరుకు అనవసరం. నేలను పట్టి లాగవలసిన పని లేదు గనుక పొడవునా చారలున్న టైరు తేలికగా దొర్లుతుంది, పక్కకు జారదు, డీజిలు కొంత కలిసివస్తుంది. పొలంలో ఎక్కువ తిరిగే ట్రైలరుకు వెడల్పుగా ఉండి తక్కువ గాలితో నడిచే టైర్లున్నాయి (ఉదాహరణకు 400/60-15.5). ఇవి మెత్తని నేలలో దిగబడవు, నేలను తక్కువగా అణచుతాయి. గోదావరి, కృష్ణా డెల్టాల తడి పొలాలకు ఇది పెద్ద సదుపాయమే. కాని ఎప్పుడూ తారురోడ్డు మీదే చక్కెర మిల్లుకు తిరిగే బండికి వీటివల్ల ప్రయోజనం తక్కువ.

రేడియల్ టైరు తక్కువ వేడెక్కుతుంది, రోడ్డు మీద ఎక్కువకాలం వస్తుంది. పాతరకం నైలాను టైరు పక్కభాగం మందంగా ఉండి రాళ్ళకు, మోళ్ళకు బాగా తట్టుకుంటుంది, ధర కూడా తక్కువ. సర్కారు తుమ్మ ముళ్ళున్న డొంకల్లో తిరిగే బండికి నైలాను టైరే మేలు. నైలాను టైరుకు ఒక లక్షణం ఉంది: బరువుతో రాత్రంతా నిలబెడితే నేలను తాకిన చోట చదునుబడి, ఉదయం కొంతదూరం వరకు ఎగిరెగిరి పడుతుంది. వేడెక్కగానే అది సర్దుకుంటుంది.

లారీలకు వాడి తీసేసిన 9.00-20, 10.00-20 టైర్లను ట్రైలరుకు వేయడం చాలా సాధారణం. లారీకి పనికిరానిది ట్రైలరుకు పనికివస్తుందని ఎందుకు అనుకుంటారో తెలియదు. అలా కొనవలసివస్తే బటన్లకంటే ముందు తయారీ తేదీ, పక్కభాగం, లోపలి పొర చూడాలి. లోపల పాత టైరు ముక్కను తొడుగుగా పెట్టి కోత కప్పిన టైరును కొనకూడదు.

అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించిన రీబటన్ టైరును పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు. లోపలి కట్టు గట్టిగా ఉన్నప్పుడు, మంచి కార్ఖానాలో చేయించినప్పుడు అది ఏళ్ళతరబడి నమ్మకంగా పనిచేస్తుంది. రీబటన్ వల్ల బటన్లే కొత్తవవుతాయి, వయసు తగ్గదు. కనుక తమ సొంత టైరుకు చేయించుకోవడం వేరు, చరిత్ర తెలియని రీబటన్ టైరును అంగట్లో కొనడం వేరు.

ఒకే ఇరుసుకు రెండు వైపులా ఒకే కొలత, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉన్న టైర్లుండాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే ట్రైలరు ఒక పక్కకు వాలి, గడ్డివంటి ఎత్తైన సరుకు వేసినప్పుడు ఆ పక్క భారం మరింత పెరుగుతుంది. కొత్త టైరులో పాత ట్యూబు వేయరాదు. సాగిన ట్యూబు లోపల మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. బిల్లు తప్పక తీసుకోవాలి, దుకాణంలోనే తయారీ తేదీ చూసుకోవాలి.

లాక్ రింగు ఉండే రిమ్ములకు గాలి కొట్టేటప్పుడు రింగు సరిగా కూర్చోకపోతే ఎగిరి ప్రాణాలు తీస్తుంది. ఇనుప పంజరంలో ఉంచి గాని, గొలుసులతో కట్టి గాని గాలి నింపాలి. మనిషి ఎదురుగా కాక పక్కగా నిలబడాలి.

అమెరికాలో

అమెరికాలో కార్లు, పికప్ బండ్లు లాగే పడవల ట్రైలర్లు, విహార ట్రైలర్లు ఎక్కువ. అక్కడ ఎస్.టి. అనే గుర్తుతో ట్రైలర్లకే ప్రత్యేకమైన టైర్లు అమ్ముతారు. వీటిలో చాలావాటి వేగ పరిమితి చిరకాలం గంటకు 65 మైళ్ళుగా ఉండేది. బలాన్ని సి, డి, ఇ అక్షరాలతో సూచిస్తారు. ఇవి వరుసగా 6, 8, 10 పి.ఆర్.కు సమానం. కారు టైరును ట్రైలరుకు వాడితే దానిపై రాసిన భారాన్ని 1.10తో భాగించి లెక్కించాలని అక్కడి నిబంధన. అక్కడ కూడా టైరు అరుగుదలకంటే ఏళ్ళతరబడి కదలకుండా నిలబడటమే ప్రధాన సమస్య.

నిల్వ, పాత టైర్లు

పని లేని నెలల్లో ట్రైలరును ఖాళీ చేసి, ఇరుసు కింద దిమ్మెలు పెట్టి చక్రాలను నేలనుంచి లేపి, టైర్ల మీద గోనెపట్టాలు కప్పితే ఆయుష్షు పెరుగుతుంది. డీజిలు, గ్రీజు రబ్బరును మెత్తబరుస్తాయి కనుక వాటిని తగలనివ్వరాదు.

తీసివేసిన టైర్లలో వాననీరు నిలిస్తే డెంగీ దోమలు పెరుగుతాయి. కాల్చితే విషపు పొగ వస్తుంది. పూర్వం ఇవి చెప్పులుగా మారి మరికొన్నేళ్ళు నడిచేవి. వాడిన టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదారులపై, దిగుమతిదారులపై మోపుతూ కేంద్ర ప్రభుత్వం 2022లో నిబంధనలు తెచ్చింది.