లక్నవరం జంట వంతెనలు

హుస్నాబాద్ నుంచి ఎల్కతుర్తి, హనుమకొండ మీదుగా మేడారం బయల్దేరినవాళ్లలో చాలామంది లక్నవరం కూడా చూసొస్తారు. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని ఈ చెరువు మీద రెండు వేలాడే వంతెనలున్నాయి. ఒకటి ఒడ్డు నుంచి మొదటి దీవికి, రెండోది అక్కడి నుంచి పక్క దీవికి.

ఈ వంతెనల అవసరం తెచ్చిపెట్టింది ఒకరకంగా కాకతీయులే. 13వ శతాబ్దంలో గుట్టల నడుమ సందులకు కట్ట పోసి నీళ్లు ఆపారు. చెరువు నిండేసరికి లోపలి గుట్టల తలలు మునగకుండా దీవులై మిగిలాయి. అప్పట్లో పొలం పారితే చాలు, దీవికి పోయే పని ఎవరికుంది? చెరువును చూడటానికే జనం టికెట్ కొనుక్కుని వచ్చే రోజులకు మరో ఏడెనిమిది వందల ఏళ్లు పట్టింది.

నీళ్లలో స్తంభాలు దించకుండా మనుషుల్ని దాటించాలంటే వేలాడే వంతెనే తేలిక. మొదటిది దాదాపు 160 మీటర్లు. ఇలాంటి వంతెనకు రెండు కొసల్లో టవర్లు, వాటి తలల మీదుగా పోయే ఇనుప తాళ్లు, ఆ తాళ్లను నేలలో బిగించి పట్టే దిమ్మెలు ఉండాలి. నడిచే పలకలు సన్నటి ఊచలతో పెద్ద తాడుకు వేలాడతాయి. మన అడుగు బరువు ఊచ నుంచి తాడుకు ఎక్కుతుంది. నొక్కుడు టవరు మోస్తుంది, లాగుడు దిమ్మె కాస్తుంది.

కరీంనగర్‌లో మానేరు మీద 2023 జూన్ 21న ప్రారంభమైన 500 మీటర్ల తీగల వంతెన లెక్క వేరు. అక్కడ తీగలు టవర్ల నుంచి ఏటవాలుగా దిగి రోడ్డునే నేరుగా పట్టుకుంటాయి. దాని మీద కార్లు కూడా పోతాయి. లక్నవరంలో మనిషి నడిచినా పలక కదులుతుంది. పిల్లలు కావాలనే ఎగిరి దూకుతారు, పెద్దలు కసురుతారు.

ఆ కసురుడుకు చరిత్రలో ఆధారముంది. 1831లో ఇంగ్లండులోని బ్రాటన్ వేలాడే వంతెన మీద 74 మంది సైనికులు అడుగులు కలిపి నడిస్తే ఊపు పెరిగి అది కూలింది. ఆ తర్వాత వంతెన మీద అడుగు కలపొద్దని సైన్యంలో ఉత్తర్వు వచ్చింది.

గుజరాత్‌లోని మోర్బీది ఇంకో కథ. 2022 అక్టోబర్ 30న అక్కడి వంతెన తెగి 135 మంది చనిపోయారు. పెద్ద తాడులోని 49 తీగల్లో 22 అంతకు ముందే తుప్పుపట్టాయని దర్యాప్తు తేల్చింది. కొద్దిరోజుల ముందే మరమ్మతు చేసి, చెక్కలు తీసి అల్యూమినియం పలకలు పరిచారు. పెద్ద తాళ్లు మాత్రం పాతవే ఉంచారు.