భారతదేశంలో శిశువిద్యా ఉద్యోగాల చరిత్ర

మూడేళ్లు నిండి ఆరేళ్లలోపున్న పిల్లలకు బడిలో చేరకముందు ఆటపాటలతో చెప్పే చదువును పూర్వ ప్రాథమిక విద్య లేదా శిశువిద్య అంటారు. ఈ చదువు చెప్పేవారు ప్రధానంగా మూడు చోట్ల పనిచేస్తున్నారు: ప్రభుత్వ అంగన్‌వాడీలు, ప్రైవేటు ప్లేస్కూళ్లు, స్వచ్ఛంద సంస్థలు. సుమారు 14 లక్షల కేంద్రాలున్న అంగన్‌వాడీ వ్యవస్థ వీటిలో అన్నిటికన్నా పెద్దది. ఉద్యోగుల్లో దాదాపు అందరూ మహిళలే. బాధ్యతలు పెరిగినంత వేగంగా జీతం, హోదా పెరగకపోవడం ఈ రంగంలో మొదటినుంచీ ఉన్నదే.

తొలి బాలమందిరాలు

క్రైస్తవ మిషనరీలు 19వ శతాబ్దంలోనే కొన్ని పట్టణాల్లో కిండర్‌గార్టెన్‌లు నడిపారు. శిశువిద్యను దేశీయంగా మలిచి, దానికోసం ప్రత్యేకంగా ఉపాధ్యాయులను తయారుచేసినవారిలో ముందుగా చెప్పుకోవలసింది గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా (1885–1939). వృత్తిరీత్యా వకీలు. కొడుకు చదువు గురించి ఆలోచిస్తూ ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరీ రచనల దాకా వెళ్లి, వకాల్తా మానేసి, 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరం తెరిచారు. రాజ్‌కోట్‌లో మహిళా శిక్షణ కళాశాల బాధ్యతలు వదులుకుని తారాబాయి మోడక్ (1892–1973) ఆయనతో కలిశారు. 1926లో ఇద్దరూ నూతన బాలశిక్షణ సంఘం స్థాపించారు. చదువుకున్న స్త్రీకి పసిపిల్లల బడిలో గౌరవంగా చేయదగ్గ పని ఉందని ఆ రోజుల్లో నమ్మించడమే పెద్ద పని.

1939లో మరియా మాంటిస్సోరీ మద్రాసు వచ్చి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజం ఆవరణలో శిక్షణ తరగతులు మొదలుపెట్టారు. కొన్ని నెలలకే ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఆమె బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రుదేశస్థురాలైపోయారు. కొన్ని నెలల కోసం వచ్చినావిడ 1946 దాకా ఇక్కడే ఉండిపోవలసి వచ్చింది. ఆ నిర్బంధం మనకు మేలే చేసింది: ఆమె దగ్గర శిక్షణ పొందినవారు దేశమంతటా బడులు పెట్టారు. అయితే ఆ బడులు ఎక్కువగా పట్టణాల్లో, ఫీజు కట్టగలిగినవారి కోసమే నడిచాయి.

బ్రిటిష్ ప్రభుత్వ విద్యా ప్రణాళికగా 1944లో వచ్చిన సార్జెంట్ నివేదిక పది లక్షల మంది శిశువులకు ఉచిత నర్సరీ విద్య అందించాలనీ, అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన మహిళలనే నియమించాలనీ సూచించింది. అది కాగితం మీదే ఉండిపోయింది.

బోర్డీ నుంచి గ్రామాలకు

శిశువిద్యను పేదల గడపకు చేర్చిన ప్రయోగం 1945లో బొంబాయికి ఉత్తరాన సముద్రతీరంలో ఉన్న బోర్డీ గ్రామంలో మొదలైంది. తారాబాయి, ఆమె సహచరి అనుతాయి వాఘ్ అక్కడ బాల్వాడీ తెరిచారు. పేదల పిల్లలు రాలేదు. పిల్లలు రాకపోతే బడే వాళ్ల దగ్గరకు వెళ్లాలని ఇద్దరూ వాడల్లోకి నడిచి, ఇళ్ల ముంగిళ్లలోనే పిల్లలను కూర్చోబెట్టారు. తర్వాత పశువులు కాసే పిల్లల కోసం బడిని పచ్చిక బయలుకు తీసుకెళ్లారు. ముంగిట్లో నడిచే ఈ బడినే తారాబాయి అంగన్‌వాడీ అన్నారు. పిల్లలకు స్నానం చేయించడం, తల దువ్వడం, పాట నేర్పడం, తల్లితో మాట్లాడడం అన్నీ ఒకే మనిషి చేసే పద్ధతి ఇక్కడే రూపుదిద్దుకుంది. నేటి అంగన్‌వాడీ టీచర్ పనిభారానికి మూలం కూడా ఇదే.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలిగా 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడాది బోర్డు చేపట్టిన గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాల్లో బాల్వాడీలు భాగమయ్యాయి. ఊళ్లో కాస్త చదువుకున్న స్త్రీకి, ముఖ్యంగా వితంతువులకూ ఒంటరి మహిళలకూ, సంక్షేమ రంగంలో చిన్నపాటి ఉపాధి దొరికే దారి ఇలా ఏర్పడింది.

1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి నిర్మాణాల దగ్గర దుమ్ములో పడుకున్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ మొబైల్ క్రెషెస్ సంస్థను ప్రారంభించారు. ఈ రంగంలో జీతాలిచ్చి శిక్షణనిచ్చే స్వచ్ఛంద సంస్థల్లో అది పాతది. పట్టణ బస్తీల్లో బాల్వాడీలతో 1990లలో ముంబయిలో మొదలైన ప్రథమ్ తర్వాతి తరానిది.

ఐసీడీఎస్

మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన అధ్యయన బృందం 1972లో ఇచ్చిన నివేదిక చదువును తిండి నుంచీ ఆరోగ్యం నుంచీ విడదీయరాదని చెప్పింది. 1974లో జాతీయ బాలల విధానం వచ్చింది. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైంది. అనుబంధ పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన అని ఆరు సేవలు. వీటన్నిటికీ ఊళ్లో ఒక కార్యకర్త, ఒక ఆయా.

కార్యకర్తకు నెలకు 100 రూపాయలు, మెట్రిక్ పాసైతే 150. దాన్ని జీతంగా చూపలేదు, గౌరవ వేతనం అన్నారు. స్థానిక మహిళ తీరిక వేళల్లో చేసే సేవగా ప్రభుత్వం దీన్ని లెక్కగట్టింది. అసలు చిక్కంతా ఈ లెక్కలోనే ఉంది.

ఎందుకంటే పని తీరికది కాదు. పొద్దున కేంద్రం తెరిచి, రాని పిల్లల కోసం ఆయాను ఇంటింటికీ పంపి, పాటలు, కథలు, రంగుల కార్డులతో పిల్లలను కూర్చోబెట్టాలి. పప్పు, గుడ్లు, బాలామృతం ప్యాకెట్లు లెక్కచూడాలి. బరువు తూచి గ్రోత్ చార్టులో చుక్క పెట్టాలి. గర్భిణులు, బాలింతల పేర్లు రాసుకోవాలి. సెక్టార్ మీటింగుకు వెళ్లాలి. ఇవి చాలనట్టు ఎన్నికలు, సర్వేల విధులు. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కోవడం కూడా పనిలో చేరింది. ఇన్నిటి మధ్య కోత పడేది ఎక్కువగా చదువు చెప్పే సమయానికే.

కోర్టులు, సమ్మెలు

ప్రతి ఆవాసానికీ సేవలు అందేలా అంగన్‌వాడీ కేంద్రాల సంఖ్యను 14 లక్షలకు పెంచాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్‌లో ఆదేశించింది. అదే నెలలో అమీర్బీ కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ పదవుల్లో ఉన్నవారు కారని తీర్పు చెప్పింది. ఉద్యోగాలు లక్షల్లో పెరిగాయి, ఉద్యోగులన్న గుర్తింపు మాత్రం దక్కలేదు. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయ్ భారియా కేసులో గాలి కొంత మళ్లింది. గౌరవ వేతనం కూడా వేతనమేననీ, వీరికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందనీ అదే కోర్టు చెప్పింది. విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ కింద పూర్వ ప్రాథమిక విద్యను వీరే అందిస్తున్నారన్న వాదన ఈ తీర్పుకు బలమైంది.

కేంద్ర ప్రభుత్వం లెక్కగట్టే గౌరవ వేతనం 2018 అక్టోబర్ నుంచి కార్యకర్తకు 4,500, ఆయాకు 2,250 రూపాయలు. ఆపైన ఎంతిచ్చినా రాష్ట్రాల ఇష్టం. తెలంగాణలో 2021 పెంపుతో టీచర్ వేతనం 13,650కి చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 11,500 దగ్గర ఉన్నప్పుడు, 2023 డిసెంబర్ 12న కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. 2024 జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం (ఎస్మా) ప్రయోగించింది. సమ్మె 42 రోజులు సాగింది. స్వచ్ఛంద సేవకులని చెప్పేవారిపై అత్యవసర సేవల చట్టం ప్రయోగించడంలోని వైరుధ్యాన్ని కార్మిక సంఘాలు గట్టిగా ఎత్తిచూపాయి.

ప్రైవేటు రంగం, కొత్త అర్హతలు

2000 తర్వాత యూరోకిడ్స్, కిడ్జీ వంటి ఫ్రాంచైజీ ప్లేస్కూళ్లు పట్టణాల్లో వ్యాపించాయి. ఉద్యోగాల సంఖ్య పెరిగినా నియంత్రణ అంతంతమాత్రమే. 20 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాల అమలు కూడా రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది. నర్సరీ టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్లు కుప్పలుగా దొరుకుతాయి. వాటన్నిటి విలువా ఒకటి కాదు, కాబట్టి కోర్సుకు గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోవాలి.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా పరిగణించింది. ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా సూచించింది. 2022 నాటి కేంద్ర ప్రభుత్వ సక్షమ్ అంగన్‌వాడీ మార్గదర్శకాల ప్రకారం కార్యకర్త పోస్టుకు ఇంటర్ పాసై, 18–35 ఏళ్ల మధ్య వయసున్న స్థానిక మహిళలు అర్హులు. అయిదేళ్ల అనుభవమున్న ఆయాలకు కార్యకర్త పోస్టుల్లో సగం, అంతే అనుభవమున్న కార్యకర్తలకు సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం పదోన్నతి ద్వారా ఇవ్వాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి.