విద్యుత్ నియంత్రణలో విధాన విశ్లేషణ: వృత్తి చరిత్ర

కరెంటు, మంచినీరు, గ్యాస్, టెలిఫోన్ వంటి ప్రజోపయోగ సేవల ధరలు, నాణ్యత, పెట్టుబడులపై నియంత్రణ సంస్థలు నిర్ణయాలు చేస్తాయి. ఆ నిర్ణయాలకు కావలసిన లెక్కలు, ఆధారాలు, ప్రత్యామ్నాయాలు సమకూర్చేవారిని విధాన విశ్లేషకులు అంటారు. వీరు కమిషన్ సిబ్బందిలోనూ, విద్యుత్ సంస్థల్లోనూ, కన్సల్టెన్సీల్లోనూ, వినియోగదారుల పక్షాన నిలిచే సంఘాల్లోనూ పనిచేస్తారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ వృత్తి 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పాటుతో రూపుదిద్దుకుంది.

పూర్వరంగం

ఒకే వీధిలో రెండు కంపెనీలు వేర్వేరుగా కరెంటు తీగలు లాగడం దండగ. అందుకే ఇలాంటి సేవలు సాధారణంగా ఒక ప్రాంతంలో ఒకే సంస్థ చేతిలో ఉంటాయి. పోటీ లేనిచోట న్యాయమైన ధర ఎంతో ఎవరు తేల్చాలన్న ప్రశ్న నుంచి నియంత్రణ పుట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1869లో నెలకొల్పిన రైల్వే కమిషన్ తొలితరం సంస్థల్లో పేరున్నది. చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ జూనియర్ సభ్యుడిగా ఉన్న ఆ కమిషన్, లెక్కలు ప్రజల ముందు పెట్టడమే ఆయుధంగా పనిచేసింది. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు విద్యుత్, గ్యాస్ సంస్థలను కమిషన్ల కిందికి తెచ్చాయి. 1974లో న్యూయార్క్ కమిషన్ అధ్యక్షుడైన ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ కాన్, వాడే వేళను బట్టి ధర మారాలన్న వాదాన్ని ఆచరణలో పెట్టారు. బ్రిటన్‌లో 1983లో స్టీఫెన్ లిటిల్‌చైల్డ్ ధరల పెరుగుదలకు పరిమితి విధించే పద్ధతిని సూచించారు.

భారతదేశంలో 1910 విద్యుత్ చట్టం నుంచి 1991 వరకు ఎనభై ఏళ్లపాటు స్వతంత్ర విశ్లేషకుడికి పెద్దగా పని లేదు. 1948 సరఫరా చట్టం కింద ఏర్పడిన విద్యుత్ బోర్డులే ఖర్చు లెక్కగట్టేవి, ధర నిర్ణయించేవి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. 1980లలో వ్యవసాయ పంపుసెట్లకు మీటరు రీడింగు బదులు మోటారు హార్స్ పవర్‌ను బట్టి శ్లాబు పద్ధతిలో చార్జీ వసూలు చేయడం మొదలైంది. ఎంత కరెంటు పొలాలకు పోతోందన్నది ఆనాటి నుంచి అంచనాగా మిగిలిపోయింది. తర్వాతి విశ్లేషకుల పనిలో సింహభాగం ఈ ఒక్క అంచనా చుట్టూనే తిరిగింది.

సంస్కరణలు (1991–1999)

1991 తర్వాత ప్రైవేటు విద్యుత్ కేంద్రాలకు తలుపులు తెరవడంతో దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందాలను చదివి, వాటి భారాన్ని లెక్కగట్టేవారి అవసరం ఏర్పడింది. 1994లో పుణెలో ప్రారంభమైన ప్రయాస్ సంస్థలో గిరీశ్ సంత్, శంతను దీక్షిత్ ప్రభృతులు మహారాష్ట్రలోని ఎన్రాన్ దాభోల్ ఒప్పందంపై చేసిన విశ్లేషణ, ప్రభుత్వం వెలుపల నిలబడి కూడా ఈ పని పకడ్బందీగా చేయవచ్చని చూపింది.

1995లో ఒడిశా శాసనసభ విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. మరుసటి ఏడాది దేశంలో తొలి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ అక్కడే పనిచేయడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో హితేన్ భయ్యా అధ్యక్షతన నియమించిన ఉన్నతస్థాయి సంఘం 1995లోనే బోర్డు విభజనను, నియంత్రణ సంస్థ ఏర్పాటును సిఫారసు చేసింది. రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం 1998లో వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు స్థానంలో ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. ఈ మార్పులకు ప్రపంచ బ్యాంకు రుణం, బ్రిటన్ ప్రభుత్వ సహాయం తోడయ్యాయి. వాటితోపాటు కన్సల్టెంట్లూ వచ్చారు.

ఏపీఈఆర్‌సీ తొలి సంవత్సరాలు (1999–2004)

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఏపీఈఆర్‌సీ, 1999లో జి.పి. రావు అధ్యక్షుడిగా ముగ్గురు సభ్యులతో ఏర్పడింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్ దాని చిరునామా అయింది. 2000 ఏప్రిల్‌లో విశాఖపట్నం, హైదరాబాద్, వరంగల్, తిరుపతి కేంద్రాలుగా నాలుగు పంపిణీ సంస్థలు, అంటే డిస్కమ్‌లు, ఏర్పడ్డాయి. అదే ఏడాది మేలో వచ్చిన తొలి టారిఫ్ ఉత్తర్వుతో చార్జీలు పెరిగాయి. రాష్ట్రమంతటా ఆందోళనలు చెలరేగాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు మరణించారు. టారిఫ్ పట్టికలోని అంకెలు రాష్ట్ర రాజకీయాలను ఎంతగా కుదిపేయగలవో ఆ సంవత్సరం తేటతెల్లం చేసింది.

ఈ ఐదేళ్లలోనే విశ్లేషకుల పనికి నేటికీ చెల్లుతున్న ఒరవడి ఏర్పడింది. డిస్కమ్ ఏటా నవంబరు నెలాఖరుకు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను, అంటే ఏఆర్‌ఆర్‌ను, దాఖలు చేయాలి. విద్యుత్ కొనుగోలు ఖర్చు, నెట్‌వర్క్ నిర్వహణ, తరుగుదల, వడ్డీలు, లాభం అందులో ఉంటాయి. ప్రస్తుత చార్జీలపై రాబోయే ఆదాయం పోగా మిగిలే లోటును చార్జీల పెంపుతో పూడ్చాలా, ప్రభుత్వ సబ్సిడీతోనా, ఖర్చుల కోతతోనా అన్నది తేల్చాలి. ఇందులో ప్రతి అంకెనూ విశ్లేషకుడు గత మూడు నాలుగేళ్ల వాస్తవాలతో సరిచూస్తాడు.

పంపుసెట్ల లెక్క

అన్నిటికంటే చిక్కుముడి వ్యవసాయ వినియోగం. ఐదు హార్స్ పవర్ మోటారు గంటకు దాదాపు 3.73 యూనిట్లు తాగుతుంది. ఏడు గంటలు నడిస్తే 26 యూనిట్లు. రాష్ట్రంలో అలాంటివి 20 లక్షలు ఉన్నాయనుకుంటే, సగటు నడక గంట ఎక్కువ చూపినంత మాత్రాన రోజుకు 74.6 లక్షల యూనిట్ల తేడా వస్తుంది. ఏడాదిలో 200 రోజులు నడిచాయంటే అది 149 కోట్ల యూనిట్లు. మీటర్లు లేవు కాబట్టి ఈ తేడా ఎటు పోయిందో బయటివారు పట్టుకోలేరు. దొంగతనం, లైను నష్టాలు, బిల్లింగు లోపాలు అన్నీ రైతు పద్దులో కలిసిపోయే వీలుంటుంది. బోర్డు ఏళ్ల తరబడి ఇరవై శాతం దరిదాపుల్లో చూపిన నష్టాలు, 1990ల చివర లెక్క సవరించాక ముప్పై శాతం దాటాయి.

అందువల్ల ఎంపిక చేసిన వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, వాటి రీడింగుల నుంచి మొత్తం వినియోగాన్ని అంచనా వేసే పద్ధతిని కమిషన్ పట్టుబట్టి అమలు చేయించింది. తర్వాతి కాలంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన నమూనా పద్ధతి వాడుకలోకి వచ్చింది. డిస్కమ్‌లు అడిగిన వ్యవసాయ యూనిట్లను పలు ఉత్తర్వుల్లో కమిషన్ తగ్గించింది. ఈ రాష్ట్రంలో విశ్లేషణ సాధించిన విలువైన ఫలితాల్లో ఇదొకటి.

బహిరంగ విచారణలు

నివేదికలపై పత్రికా ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు స్వీకరించి, డిస్కమ్ కేంద్రాల్లో బహిరంగ విచారణ జరపడం తొలినాళ్లలోనే స్థిరపడింది. రైతు సంఘాలు, ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలు, రైల్వేలు, వామపక్షాలు, విశ్రాంత ఇంజినీర్లు ఒకే హాల్లో కూర్చుని వాదించే అరుదైన వేదిక ఇది. హైదరాబాద్ నుంచి ఎం. తిమ్మారెడ్డి, పాత్రికేయుడు ఎం. వేణుగోపాలరావు వంటివారు ఏళ్ల తరబడి ఏఆర్‌ఆర్‌లను పేజీ పేజీ చదివి అభ్యంతరాలు దాఖలు చేశారు. ఏ అభ్యంతరానికి డిస్కమ్ ఏం జవాబు చెప్పింది, కమిషన్ ఏం తేల్చింది అన్నది ఉత్తర్వులో ముద్రించే మంచి సంప్రదాయం కొనసాగుతోంది.

2003 చట్టం తర్వాత

2003 జూన్ 10న అమల్లోకి వచ్చిన విద్యుత్ చట్టం దేశమంతటికీ ఒకే చట్రాన్ని ఇచ్చింది. టారిఫ్ దరఖాస్తుపై 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని 64వ సెక్షన్ చెబుతుంది. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వదలచిన రాష్ట్ర ప్రభుత్వం ఆ సొమ్ము ముందుగానే చెల్లించాలని 65వ సెక్షన్ నిర్దేశిస్తుంది. కమిషన్లు కన్సల్టెంట్లను నియమించుకోవచ్చని 91వ సెక్షన్, వినియోగదారుల తరఫున వాదించేందుకు తగిన వ్యక్తికి అనుమతి ఇవ్వవచ్చని 94వ సెక్షన్ పేర్కొంటాయి. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉచిత వ్యవసాయ విద్యుత్ ప్రకటించడంతో సబ్సిడీ లెక్క మరింత బరువెక్కింది. 2005లో విద్యుత్ కొనుగోలు బాధ్యత ట్రాన్స్‌కో నుంచి డిస్కమ్‌లకు మారింది. అదే ఏడాది బహుళ సంవత్సర టారిఫ్ నిబంధనలు వచ్చాయి.

విభజన తర్వాత

2014లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలుగా విడిపోవడంతో అనంతపురం, కర్నూలు జిల్లాల పంపిణీ హైదరాబాద్ డిస్కమ్ నుంచి తిరుపతి సంస్థకు మారింది. తెలంగాణకు ఇస్మాయిల్ అలీఖాన్ అధ్యక్షుడిగా వేరే కమిషన్ ఏర్పడింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడింది. ఒప్పంద ధరలే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది. 2020లో శ్రీకాకుళం జిల్లాలో పంపుసెట్లకు మీటర్లు బిగించే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ కమిషన్ కార్యాలయం 2023లో కర్నూలుకు మారింది.

నేటి వృత్తి

ఇంజినీరింగ్, అర్థశాస్త్రం, కాస్ట్ అకౌంటెన్సీ, న్యాయశాస్త్రం చదివినవారు ఈ రంగంలోకి వస్తున్నారు. స్ప్రెడ్‌షీట్ నైపుణ్యంతోపాటు ఉత్తర్వులు రాయగల భాష, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ చదవగల ఓపిక అవసరం. సౌర విద్యుత్ నిల్వ, వేళను బట్టి చార్జీలు, అంచనాకు మించిన ఖర్చును తర్వాత రాబట్టే ట్రూఅప్ వసూళ్లు ప్రస్తుతం వీరి ముందున్న అంశాలు. విచారణలో అభ్యంతరం చెప్పడానికి డిగ్రీగానీ, న్యాయవాదిగానీ అక్కర్లేదు. ప్రకటనలో ఇచ్చిన గడువులోగా రాతపూర్వకంగా పంపితే ఏ వినియోగదారుడి అభ్యంతరాన్నయినా కమిషన్ పరిశీలనకు తీసుకుంటుంది.