మొండిపిల్లను మంచిపిల్లగా మార్చే కథలు

బాలసాహిత్యమనగానే మనకు ముందు తోచేది వినోదం. కాని 19వ శతాబ్దపు జర్మన్ సమాజంలో బాలికల కోసం స్త్రీలు రచించిన పుస్తకాలను పరిశీలిస్తే, వినోదం చాటున సాగిన శిక్షణయే కనబడుతుంది.

ఆనాటి మధ్యతరగతి ఆడపిల్లకు బడి ముగిసిన నాటికీ పెండ్లి కుదిరే నాటికీ నడుమ కొన్నేండ్లు ఖాళీగా ఉండేవి. పైచదువులకు దారి లేదు. ప్రష్యా విశ్వవిద్యాలయాలు స్త్రీలను పూర్తి విద్యార్థినులుగా చేర్చుకొన్నది 1908లో! ఆ వయసు పిల్లకు లోకం పెట్టిన ముద్దుపేరు ‘బాక్‌ఫిష్’, అనగా వేపుడు చేప. ఆ ఖాళీని నింపడానికే తెక్లా ఫాన్ గుంపెర్ట్ 1855లో ‘పుత్రికల ఆల్బమ్’ అనే వార్షిక సంపుటిని ప్రారంభించింది. 1863లో క్లెమెంటీనె హెల్మ్, బెర్లిన్‌లో బంధువు ఇంట మర్యాదలు నేర్చుకొనే బాలిక కథను వెలువరించింది.

వీటన్నిటిలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది 1885 నాటి ‘ట్రొట్స్‌కొప్ఫ్’, అంటే మొండిపిల్ల. రచయిత్రి ఎమిలీ ఫ్రీడ్రిష్. ఎమ్మీ ఫాన్ రోడెన్ అన్నది కలంపేరు. పుస్తకం వెలువడిన యేడే ఆమె కన్నుమూసింది. కథానాయిక ఇల్జె తల్లిలేని పిల్ల, తండ్రి గారాలపట్టి. సవతితల్లి మాట వినదు. వసతి పాఠశాలకు పంపుతారు. అక్కడ గ్యూసో అనే ఉపాధ్యాయిని, మొండితనం వల్ల కాబోయే భర్తను పోగొట్టుకొన్న ఒక యువతి కథ చెబుతుంది. ఆ యువతి ఆమెయే! ఇల్జె గుణపాఠం నేర్చుకొంటుంది. కథ నిశ్చితార్థంతో ముగుస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. తన కష్టంతో తాను బ్రతుకుతూ పదిమంది పిల్లలకు చదువు చెప్పే స్త్రీ, ఈ కథలో ఆదర్శం కాదు, హెచ్చరిక! ఆమెకు సైతం చివరకు ఆ పాత వరుడే లభిస్తేగాని రచయిత్రికి తృప్తి కలుగలేదు. కలం పట్టి అచ్చుకెక్కిన స్త్రీయే, అణకువ తప్ప వేరు దారి లేదని బాలికలకు బోధించడం ఎంతటి వైపరీత్యం! అయితే ఆమెను నిందించడం సులభం. పెండ్లి తప్ప వేరొక ఆశ్రయం అరుదైన సమాజంలో, పిల్ల క్షేమం కోరిన పెద్దలు చెప్పగలిగిన మాట అదే కాబోలు.

తల్లి మరణానంతరం కుమార్తె ఎల్జె విల్ట్‌హాగెన్ ఇల్జె కథను కొనసాగించి, 1892లో ఆమె నిశ్చితార్థ కాలాన్నీ, 1895లో దాంపత్యాన్నీ చిత్రించింది.

ఒక్క విశేషం గమనార్హం. అణకువ నేర్పిన ఆ పుస్తకానికి శీర్షికగా నిలిచినది మంచిపిల్ల కాదు, మొండిపిల్ల!