నష్టరహిత ధ్వని, తెలుగు సినిమా శ్రవ్యపాఠం: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు సాహిత్య పరిశోధనలో పాఠపరిష్కరణకు దీర్ఘ చరిత్ర ఉంది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులను సరిపోల్పించి శుద్ధప్రతులు రాయించిన కాలం నుంచి మూలమేది, లేఖకదోషమేది, ప్రక్షిప్తమేది అన్న ప్రశ్నలు పరిశోధకులకు సుపరిచితాలు. సినిమా పరిశోధనలో ఈ ప్రశ్నలను కథకు, పాటకు, సంభాషణకు వేశారు. ధ్వనికి వేయడం అరుదు. ఇంట్లో సినిమా చూసేవారి కోసం 2006 నుంచి అందుబాటులోకి వచ్చిన డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే రెండు నష్టరహిత సరౌండ్ రూపాలను కూడా వినియోగదారుని దృష్టితోనే పోల్చుతుంటారు. ఏది బాగా వినిపిస్తుందన్నదే అక్కడి చర్చ. శ్రవ్యపాఠం దృష్ట్యా అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. ఏ రూపం ఏ పాఠాన్ని భద్రపరిచింది? ఆ పాఠం మార్కాపురం, గిద్దలూరు, కంభం వంటి ఊళ్ల ఇళ్లకు ఏ స్థితిలో చేరింది?

ఏకముఖ ధ్వని నుంచి ఆరు ట్రాకుల దాకా

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. వర్షాభావం, పలకల పరిశ్రమ, నల్లమల అంచు ఈ ప్రాంతానికి గుర్తులు. ఆంధ్రదేశపు ఇతర మెట్టప్రాంతాల వలె ఇక్కడి గ్రామీణ ప్రేక్షకునికి కూడా సినిమా ధ్వని తొలి పరిచయం టూరింగ్ టాకీసు ద్వారానే. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద వచ్చిన 1970 నిబంధనలు టూరింగ్ సినిమాను ప్రత్యేక తరగతిగా గుర్తించాయి. డేరా, నేల టికెట్టు, ఆట మొదలవుతుందని ఊరికి తెలిపేందుకు పెట్టే ఘంటసాల భక్తిగీతపు రికార్డు, కొయ్యకు కట్టిన హారన్ స్పీకరు: ఇదీ ఆనాటి శ్రవ్య వ్యవస్థ.

1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ మొదలుకొని ఐదు దశాబ్దాలకు పైగా తెలుగు సినిమా ధ్వని ప్రధానంగా మోనో. ఫిల్మ్ అంచున కాంతిరేఖగా ముద్రించిన ఒకే ట్రాకు అది. హాళ్లలో రొదను తగ్గించేందుకు 1938లో హాలీవుడ్‌లో రూపుదిద్దుకున్న అకాడమీ కర్వ్ పద్ధతి పైస్థాయి ధ్వనులను బాగా అణచివేసేది. కనుక ఆ కాలపు సినిమా ప్రేక్షకుని చెవికి చేరేసరికే కొంత కోల్పోయి ఉండేది. ఈ తొలి నష్టాన్ని ఏ నష్టరహిత సాంకేతికతా తిరిగి పూడ్చలేదు.

1986లో కృష్ణ దర్శకత్వంలో వచ్చిన ‘సింహాసనం’ తెలుగులో తొలి 70 ఎంఎం, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ చిత్రం. ఆ ప్రొజెక్టరు, ఆ స్పీకర్ల అమరిక లేని హాలులో ఆరు ట్రాకుల ధ్వని వినబడే వీలు లేదు. ఒకే సినిమాకు రెండు శ్రవ్యపాఠాలు ఏర్పడ్డాయి, ప్రేక్షకుడు ఉన్న ఊరే అతడు వినే పాఠాన్ని నిర్ణయించింది. తొలి డీటీఎస్ తెలుగు చిత్రంగా పేర్కొనే ‘తెలుగువీర లేవరా’ 1995లో విడుదలైంది. థియేటర్ డీటీఎస్‌లో ధ్వని ఫిల్మ్ మీద ఉండదు. రీళ్ల పెట్టెతో పాటు వచ్చే సీడీల్లో ఉంటుంది, ఫిల్మ్ మీద ఉన్న టైమ్‌కోడ్ ఆ సీడీని బొమ్మతో నడిపిస్తుంది. ఆ సీడీల్లోని ధ్వని కూడా దాదాపు నాలుగో వంతుకు కుదించినదే. డిజిటల్ అన్న మాటకు నష్టరహితమన్న అర్థం ఆనాడు లేదు. థియేటరుకు కుదించని ధ్వనిని ప్రమాణంగా విధించినది 2005 నాటి డిజిటల్ సినిమా నిర్దేశం.

మూలం, అనుబంధం

ఇళ్లలో పరిస్థితి ఇంకా సన్నగా ఉండేది. వీసీడీలో రెండు చానళ్ల ధ్వనికి కేటాయించినది సెకనుకు 224 కిలోబిట్లు. డీవీడీలో 5.1 చానళ్ల డాల్బీ డిజిటల్‌కు గరిష్ఠంగా 448 కిలోబిట్లు. 2007లో మోజర్ బేయర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టడంతో పాత సినిమాలు చిన్న పట్టణాల దుకాణాలకు కూడా అందగల సరుకయ్యాయి. తెలుగు సినిమా గృహశ్రవణ చరిత్రలో ఈ ధరల తగ్గింపుకు దక్కవలసిన ప్రాధాన్యం ఇంకా దక్కలేదు.

నష్టరహిత రూపాల అవసరం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ చొప్పున ఆరు చానళ్ల ధ్వనిని యథాతథంగా నిల్వ చేస్తే సెకనుకు 6,912 కిలోబిట్లు కావాలి. డీవీడీ దానికి ఇచ్చిన చోటు అందులో పదిహేనో వంతు. మిగిలినదాన్ని మనిషి చెవి పట్టదనే అంచనాతో తొలగించారు. బ్లూరే డిస్కు ఆ చోటును పెంచింది.

ఈ డిస్కు మీద రెండు రూపాలూ ఒకే ఫలితాన్ని రెండు దారుల్లో సాధించాయి. ట్రూహెచ్‌డీకి ఆధారం మెరిడియన్ సంస్థ డీవీడీ-ఆడియో కోసం రూపొందించిన ఎంఎల్‌పీ పద్ధతి. రాబోయే ధ్వని విలువను ముందే ఊహించి, ఊహకు వాస్తవానికి మధ్య తేడాను మాత్రమే రాసుకోవడం దాని సూత్రం. ట్రూహెచ్‌డీని విప్పలేని యంత్రాల కోసం బ్లూరేలో మామూలు డాల్బీ డిజిటల్ ట్రాకును వేరుగా జతచేస్తారు. పాఠపరిష్కరణ పరిభాషలో ఇవి స్వతంత్రమైన రెండు ప్రతులు: ఒకటి సమగ్రం, ఒకటి సంక్షిప్తం. డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అలా కాదు. సుమారు 1,500 కిలోబిట్ల సంక్షిప్త ప్రతి దాని గర్భం. ఆ ప్రతికి మూలానికి గల తేడాలన్నీ అనుబంధంగా వెంట వస్తాయి. పాత యంత్రం గర్భాన్ని మాత్రమే చదువుతుంది, కొత్త యంత్రం గర్భానికి తప్పొప్పుల పట్టికను కలిపి మూలాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి నిర్మిస్తుంది.

బ్లూరేలో ట్రూహెచ్‌డీ గరిష్ఠ వేగం సెకనుకు 18 మెగాబిట్లు, డీటీఎస్-హెచ్‌డీది 24.5. ఈ అంకెలను చూసి రెండోదే మేలని తేల్చడం పొరపాటు. రెండూ విప్పిన తర్వాత చేతికి వచ్చేవి మూలంలోని బిట్లే. వినికిడిలో తేడా కనిపిస్తే కారణం వేర్వేరు మిక్సింగ్ కావచ్చు, సంభాషణ స్థాయిని సరిచేసే డాల్బీ సర్దుబాటు కావచ్చు. సంపీడన పద్ధతి మాత్రం కాదు. అసలు తేడా పాత సామగ్రి ఉన్న ఇంట్లో బయటపడుతుంది. డీవీడీ కాలపు యాంప్లిఫయరుకు ఆప్టికల్ తీగతో కలిపితే నష్టరహిత సరౌండ్ ధ్వని ఆ తీగ గుండా వెళ్లదు. అక్కడ డాల్బీ డిస్కు నుంచి వచ్చేది గరిష్ఠంగా 640 కిలోబిట్ల ప్రతి, డీటీఎస్ డిస్కు నుంచి వచ్చేది 1,500 కిలోబిట్ల గర్భం. యంత్రాన్ని ఏళ్ల తరబడి మార్చని కుటుంబానికి రెండో నిర్మాణమే ఉదారమైనది.

వినే గదిని కూడా విస్మరించరాదు. నాపరాయి పరిచిన నేల, సిమెంటు గోడలు, కాంక్రీటు కప్పు ధ్వనిని పీల్చుకోవు, తిప్పికొడతాయి. మార్కాపురం ఎండాకాలంలో సీలింగ్ ఫ్యాను నిలిపి సినిమా చూడమనడం ఆచరణకు దూరం. ఆ రొద కింద సూక్ష్మధ్వనులు మునిగిపోతాయి. ఇటువంటి గదిలో నష్టరహిత ట్రాకుకు, బాగా కుదించిన ట్రాకుకు తేడా పట్టడం శిక్షణ పొందిన చెవికైనా కష్టమే. అందువల్ల నష్టరహిత రూపాల విలువను శ్రవణానందంలో కన్నా ప్రతి భద్రతలో వెదకడం సమంజసం.

ప్రక్షిప్తాలు, కనుమరుగయ్యే ప్రతులు

1957 నాటి ‘మాయాబజార్’ ధ్వని మోనో. రంగులద్దిన ‘మాయాబజార్’ 2010 జనవరి 30న డీటీఎస్ ధ్వనితో విడుదలైంది. ఒకే ట్రాకును అనేక చానళ్లకు పంచడం పాఠపరిష్కర్త భాషలో పూరణ. కొత్త శ్రోతకు అది ఆకర్షణీయమే కావచ్చు, చరిత్రకారునికి మాత్రం 1957 ప్రతి కాదు. ఇటువంటి ట్రాకును నష్టరహిత రూపంలో నిల్వ చేస్తే పూరణ ఒక్క బిట్టూ పోకుండా మిగులుతుంది, మూలం గురించి ఏమీ చెప్పదు. పాత చిత్రాలను డిస్కుగా వెలువరించేటప్పుడు సరౌండ్ ట్రాకుతో పాటు మోనో మూలాన్ని కూడా ఇవ్వడం అందుకే అవసరం. మోనో ట్రాకుకు పట్టే చోటు స్వల్పం.

ఈ చర్చ ముదరకముందే డిస్కు వెనుకబడింది. తెలుగులో బ్లూరేలు వెలువడ్డాయి గాని, ఇంటింటి వస్తువుగా డీవీడీ పొందిన స్థానం వాటికి రాలేదు. ఇంటికి సినిమా ఓటీటీ ద్వారా చేరడం మొదలైంది. స్ట్రీమింగ్‌లో అట్మాస్ అనే గుర్తు కనిపించినా ప్రధాన వేదికలు దాన్ని అందించేది డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదింపు రూపంలో. నెట్‌ఫ్లిక్స్ ప్రకటించిన గరిష్ఠ వేగం 768 కిలోబిట్లు. 7.1 చానళ్ల యథాతథ ధ్వనికి కావలసిన 9,216 కిలోబిట్లలో అది పన్నెండో వంతు. బ్లూరేలో అట్మాస్‌ను ట్రూహెచ్‌డీ మోస్తుంది. పేరు ఒకటే అయినా ప్రతులు రెండు.

‘ఆర్ఆర్ఆర్’ విషయంలో ప్రతిభేదం భాషకూ పాకింది. 2022 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచ ప్రేక్షకులు చూసినది హిందీ అనువాదం. తెలుగు మూలధ్వని జీ5లో ఉంది. ఆ చిత్రంలోని ధ్వని రూపకల్పనపై ఇతర దేశాల్లో జరిగే పరిశోధన ఏ ప్రతిని ఆధారం చేసుకుందో పేర్కొనకపోతే దాని నిర్ధారణలు సందేహాస్పదమే.

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురితమైన ప్రతి పుస్తకాన్ని నిర్దిష్ట గ్రంథాలయాలకు అందజేయాలి. తర్వాత పత్రికలనూ అందులో చేర్చారు. సినిమా డిస్కులు, డిజిటల్ ధ్వని ట్రాకులు ఆ చట్టం పరిధిలో లేవు. 1964లో పుణెలో నెలకొల్పిన జాతీయ చలనచిత్ర భాండాగారం సేకరణ ద్వారా ప్రతులను భద్రపరుస్తోంది. గిద్దలూరు డిగ్రీ కళాశాల అధ్యాపకుడు డిస్కును ఉటంకిస్తే ఆ ముద్రణను మరొకరు తెచ్చుకొని సరిచూడగలరు. ఓటీటీ ట్రాకును ఉటంకిస్తే చూసిన తేదీ మాత్రమే వేయగలరు. ఆ తేదీ తర్వాత వేదిక ట్రాకును మార్చినా, తొలగించినా సరిచూడడానికి రెండో ప్రతి ఉండదు.